ట్రెక్కింగ్ క్లబ్‌తో కొండ నడక: పేరు ఇచ్చిన రోజు నుంచి దిగి వచ్చేదాకా

ట్రెక్కింగ్ క్లబ్ ప్రకటన చూడగానే అందరి కళ్లూ కిలోమీటర్ల మీద పడతాయి. "పన్నెండేనా, రోజూ ఐదారు నడుస్తూనే ఉన్నాం కదా" అనుకుని పేరు ఇచ్చేస్తారు. అసలు చూడాల్సిన అంకె దాని పక్కన ఉంటుంది: మొత్తం ఎన్ని మీటర్లు ఎక్కాలి అన్నది. చదునైన రోడ్డు మీద 12 కిలోమీటర్లు పొద్దున్నే ముగించి ఇంటికి రావచ్చు. అదే 12 కిలోమీటర్లలో 800 మీటర్ల ఎత్తు ఎక్కి దిగాలంటే ఒక రోజు పని.

దీనికి విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ బాగా పనికొస్తుంది. ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. పై ఉదాహరణే తీసుకోండి. 12 కిలోమీటర్లకు 2 గంటల 24 నిమిషాలు, 800 మీటర్లకు 1 గంట 20 నిమిషాలు, మొత్తం 3 గంటల 44 నిమిషాలు. అయితే ఇది అలవాటున్న మనిషి ఎక్కడా ఆగకుండా నడిస్తే పట్టే సమయం. పదిహేను మంది కలిసి వెళ్లినప్పుడు నీళ్లు తాగడానికి, లేసులు కట్టుకోవడానికి, ఫొటోలకు, తిండికి ఆగుతూ ఉంటారు కాబట్టి దానికి సగం కలపండి. ఐదున్నర గంటలు దాటుతుంది. అంతసేపు కాళ్ల మీద ఉండగలరా అని మిమ్మల్ని మీరు అడిగి, ఆ తర్వాత పేరు ఇవ్వండి.

గుంపు నడకకు మూల సూత్రం ఒక్కటే. గుంపు వేగం అంటే అందరికంటే వెనక ఉన్న మనిషి వేగం. బయలుదేరే వేళ, వెనక్కి తిరగాల్సిన వేళ, ఎంతమందికి ఒక లీడర్ అన్నవన్నీ ఆ మనిషిని బట్టే వేస్తారు. మీ శక్తిని పెంచి చెబితే ఆ లెక్క మొత్తం తప్పుతుంది. ఆ తప్పు బయటపడేది సాయంత్రం, చీకటి పడే వేళకు ఇంకా మూడు కిలోమీటర్లు మిగిలి ఉన్నప్పుడు.

పేరు ఇచ్చే ముందు

మొదటి రెండు మూడు ట్రెక్కులకు మీరు చేయగలరనుకున్న దానికంటే ఒక మెట్టు తక్కువది ఎంచుకోండి. ఆ రోజు మీరు నేర్చుకోవాల్సింది కొండ ఎక్కడం ఒక్కటే కాదు. ఈ క్లబ్ ఎంత వేగంగా నడుస్తుంది, లీడర్ ఎక్కడ ఆపుతారు, మీ బూట్లు నాలుగో గంటలో ఎలా ఉంటాయి అన్నవి కూడా.

లీడర్‌ను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. బాటలో నీళ్లు దొరుకుతాయా? మధ్యలో దిగిపోవడానికి దారి ఉందా, ఉంటే ఎన్నో కిలోమీటరు దగ్గర? చేతులు వాడి ఎక్కాల్సిన రాతి చోట్లు ఉన్నాయా? ఫోన్ సిగ్నల్ ఎక్కడిదాకా వస్తుంది? వానొస్తే రద్దు చేస్తారా, దారి మారుస్తారా?

అడక్కపోయినా మీరే చెప్పాల్సినవీ ఉన్నాయి. ఉబ్బసం, మధుమేహం, గుండె జబ్బు, మూర్ఛ, తేనెటీగ కుడితే ఒళ్లు ఉబ్బే అలర్జీ, పాత మోకాలి దెబ్బ, ఎత్తంటే భయం. మందు బ్యాగులో ఏ జేబులో ఉందో కూడా చెప్పండి. ఇన్‌హేలర్ తెచ్చుకున్న మనిషి మాట్లాడలేని స్థితిలో ఉంటే దాన్ని వెతకాల్సింది పక్కవాళ్లే. ఇవి చెబితే రానివ్వరేమో అని దాచేవాళ్లు ఉంటారు. దాచి వచ్చిన జబ్బుకు కొండ మీద ఎవరూ సిద్ధంగా ఉండరు. ముందే చెబితే చాలాసార్లు మరో తేలిక దారి చూపిస్తారు.

రాలేకపోతే వీలైనంత ముందు చెప్పండి. ఎందరికి ఎన్ని బళ్లు, ఎంతమంది లీడర్లు అన్నది పేర్ల జాబితాను బట్టే నడుస్తుంది. చెప్పకుండా మానేస్తే పొద్దున్నే కూడలి దగ్గర అందరూ మీకోసం ఇరవై నిమిషాలు ఎదురుచూస్తారు. ఆ ఇరవై నిమిషాలు వెలుతురులోంచే పోతాయి.

ఒంటి సాధన: దిగడం మీద దృష్టి పెట్టండి

ఆరు వారాలు చాలు. వారానికి మూడు రోజులు 40 నుంచి 60 నిమిషాలు చురుగ్గా నడవండి. ఊపిరి వేగం పెరగాలి గానీ, పక్కవాళ్లతో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట మధ్యలో తెగుతుంటే వేగం ఎక్కువైనట్టు. కొండ మీద కూడా ఇదే కొలత.

మరో రెండు రోజులు మెట్లు. ఒక అంతస్తు సుమారు 3 మీటర్లు. పది అంతస్తులు పది సార్లు ఎక్కితే 300 మీటర్లు. మొదటి వారం అందులో మూడో వంతుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. పైకి ఎక్కి లిఫ్టులో దిగడం చాలామంది చేసే పొరపాటు. ఎక్కడంలో ఊపిరికి పని, దిగడంలో తొడలకు పని. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. అలవాటు లేని కండరం ఈ పనికి తొందరగా అలిసిపోయి వణకడం మొదలుపెడుతుంది. అది పట్టు వదిలిన కొద్దీ ప్రతి అడుగు అదురూ మోకాలికి చేరుతుంది. నడక చివర్లో కాలు జారి పడేవాళ్లలో ఇలా తొడలు అలిసినవాళ్లు ఉంటారు. కాబట్టి ఎక్కిన ప్రతి మెట్టూ నడిచే దిగండి.

మూడో వారం నుంచి బ్యాగు వేసుకోండి. మొదట 3 కిలోలు, చివరికి ట్రెక్ రోజు మోయబోయేంత. ఇసుక కంటే నీళ్ల సీసాలు నయం. మోకాలు నొప్పి పుడితే అక్కడే పారబోసి తేలిక చేసుకోవచ్చు. చివరి పెద్ద సాధన ట్రెక్‌కు వారం పది రోజుల ముందే ముగించండి. కండరాల నొప్పి రెండో మూడో రోజున పతాక స్థాయికి వస్తుంది కాబట్టి ఆఖరి నాలుగు రోజుల్లో మామూలు నడకే నడవాలి.

పాదాలు

ఒక ట్రెక్‌ను మధ్యలో ఆపించేవాటిలో పాదాలదే పెద్ద వాటా. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, కొండ మీద ఉన్నట్టే. ట్రెక్‌కు వేసుకునే మేజోళ్లతోనే తొడిగి చూడండి. లేసులు కట్టకుండా పాదాన్ని ముందుకు నెట్టి వేళ్లు ముందు గోడకు ఆనిస్తే, మడమ వెనక ఒక చూపుడువేలు దూరాలి. ఆపైన లేసులు బిగించి, వాలుగా ఉన్న చెక్క మీద కిందివైపు తిరిగి నిలబడండి. బొటనవేలు ముందుకు తగిలితే ఆ బూటు వద్దు. కొండ దిగేటప్పుడు ఆ గోరు వేల సార్లు గుద్దుకుని నల్లబడుతుంది. గోళ్లు ట్రెక్‌కు రెండు మూడు రోజుల ముందు అడ్డంగా, సూటిగా కత్తిరించుకోండి. ముందు రాత్రి కత్తిరిస్తే ఆ పదునైన అంచు పక్కవేలిని గీరుతుంది.

కొత్త బూట్లతో కనీసం 30, 40 కిలోమీటర్లు తిరిగాకే కొండకు తీసుకెళ్లాలి. చాలా పాత బూట్ల విషయంలో మరో ప్రమాదం ఉంది. ఏళ్ల తరబడి అల్మరాలో ఉన్నవి చూడ్డానికి కొత్తవాటిలాగే ఉంటాయి. కానీ వాటి మడమ కింద ఉండే పాలియురెథేన్ నురుగు గాలిలోని తేమతో లోలోపలే పాడైపోతుంది, నడక మొదలైన గంటలో అడుగు భాగం మొత్తం ఊడి చేతికొస్తుంది. ట్రెక్‌కు వారం ముందు వాటిని వంచి, అడుగు అంచు వెంట బొటనవేలితో నొక్కి చూడండి. పొడి రాలినా, చీలిక కనిపించినా పక్కన పెట్టేయండి.

మేజోళ్లు నూలువి వద్దు. నూలు చెమటను పట్టుకుంటుంది, తడిసిన చర్మం మెత్తబడుతుంది, మెత్తబడిన చర్మం రాపిడికి పొరలుగా విడిపోతుంది, ఆ సందులో నీరు చేరితే అదే పొక్కు. ఉన్నివో సింథటిక్‌వో వేసుకుని ఇంకో జత బ్యాగులో ఉంచుకోండి.

మడమ లేస్తుంటే లేసులను ఇలా కట్టండి. పైనుంచి రెండో కన్నం వరకు మామూలుగా కట్టుకురండి. పైనున్న ఆఖరి కన్నం దగ్గర లేసును ఎదుటి వైపుకు దాటించకుండా అదే వైపు లోపలికి దూర్చి ఒక చిన్న ఉచ్చు వదలండి. రెండో వైపూ అంతే. ఇప్పుడు కుడి లేసు కొనను ఎడమ ఉచ్చులోంచి, ఎడమ కొనను కుడి ఉచ్చులోంచి తీసి, కిందికి వెనక్కి లాగి ముడేయండి. చీలమండ దగ్గర బూటు బిగుసుకుని మడమ కదలదు, వేళ్ల దగ్గర మాత్రం వదులుగానే ఉంటుంది. దిగడం మొదలయ్యే ముందు ఈ ముడిని ఒకసారి విప్పి మళ్లీ బిగించాలి. చాలామంది ఈ ఒక్క పని మరిచిపోయి, సగం దిగాక వేళ్లు నొప్పి అంటారు.

బట్టలు, బ్యాగు

ఒంటి మీద చెమట పీల్చని సింథటిక్ లేదా సన్నని ఉన్ని పొర, దాని మీద వెచ్చని పొర, అన్నిటికంటే పైన గాలీ వానా ఆపే జాకెట్. వాతావరణం బాగుందని ఫోన్ చెప్పినా మూడోదాన్ని వదలొద్దు. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. దానికి గాలి తోడైతే ఆగిన ఐదు నిమిషాల్లో చలి పట్టుకుంటుంది. జీన్స్ వేసుకుంటే తడిసిన తర్వాత బరువెక్కి మోకాలు వంగనివ్వవు, త్వరగా ఆరవు కూడా.

ఒక్క రోజు నడకకు 20 నుంచి 30 లీటర్ల బ్యాగు సరిపోతుంది. పైన వేసే రెయిన్ కవర్‌ను ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. వీపు వైపు నుంచి కారే నీటిని అది ఆపదు. బ్యాగు లోపలే ఒక మందపాటి ప్లాస్టిక్ సంచి పరిచి, వస్తువులన్నీ అందులో పెట్టి మెలితిప్పండి. బరువైనవి వీపుకు దగ్గరగా, భుజాల మధ్య ఎత్తులో ఉండాలి. అడుగున పెడితే బ్యాగు వెనక్కి లాగుతుంది, మీరు ముందుకు వంగి నడుస్తారు, నడుము నొప్పి మొదలవుతుంది. నడుము పట్టీ బొడ్డు మీద కాకుండా తుంటి ఎముక మీద కూర్చోవాలి. ముందు దాన్ని బిగించి తర్వాత భుజం పట్టీలు సర్దుకోండి.

నీళ్లు గంటకు అర లీటరు లెక్కన, ఎండ ఎక్కువైతే ఇంకా ఎక్కువ. ఐదారు గంటల నడకకు మూడు లీటర్లు. విపరీతంగా చెమట పట్టే రోజున ఉత్త నీళ్లే తాగుతూ పోతే రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వికారం వస్తాయి, ముదిరితే ప్రాణాపాయం. ఉప్పుగా ఉన్న తిండి ఏదైనా తోడుండాలి, లేదా ఓఆర్ఎస్ పొట్లాలు. పొట్లం లేకపోతే లీటరు నీళ్లలో ఆరు సమ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, గోపురంగా కాకుండా సమంగా గీసినది. తిండి విషయంలో ఒకటే నియమం, ఆకలి వేయకముందే గంటకోసారి కొంచెం తినాలి. జేబులో నుంచి తీసుకుని నడుస్తూ తినగలిగేది ఉంటే నిజంగా తింటారు, బ్యాగు అడుగున ఉన్నదాన్ని విశ్రాంతి దాకా ముట్టుకోరు.

మధ్యాహ్నానికే తిరిగొచ్చే నడకైనా హెడ్ ల్యాంప్ (తలకు కట్టుకునే లైటు) తీసుకెళ్లండి. ఒకరి చీలమండ మడతపడితే చాలు, మధ్యాహ్నం రెండింటి పని రాత్రి ఎనిమిది దాకా సాగుతుంది. ఫోన్ టార్చ్ పట్టుకుంటే ఒక చెయ్యి పోతుంది, బ్యాటరీ కూడా పోతుంది. విజిల్, చిన్న ప్రథమ చికిత్స సంచి, టోపీ, మీ మందులు ఒక రోజుకు అదనంగా, చెత్త కోసం ఒక కవరు. ఫోన్‌లో ఆ ప్రాంతపు మ్యాప్ ముందే ఆఫ్‌లైన్‌లో దింపుకుని, కొండ మీద ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. సిగ్నల్ లేని చోట టవర్ కోసం వెతుకుతూనే బ్యాటరీ అయిపోతుంది. చలిలో ఫోన్‌ను బ్యాగులో కాక, ఒంటికి ఆనే జేబులో ఉంచాలి.

గుంపులో నడక

చెప్పిన సమయానికి పావుగంట ముందు చేరండి. చేరేసరికే బూట్లు కట్టుకుని, నీళ్లు నింపుకుని, మూత్రానికి వెళ్లి వచ్చి ఉండాలి. బయలుదేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి. హాయిగా ఉందంటే ఒక పొర ఎక్కువైనట్టే, పది నిమిషాల్లో చెమట పడుతుంది. మొదటి పావుగంట తర్వాత మంచి లీడర్ ఎవరైనా ఒకసారి ఆపుతారు. పొర తీయడానికి, లేసు సరిచేయడానికి, బూటులో దూరిన రాయి తీసేయడానికి అదే సమయం. అప్పుడు మొహమాటపడి ఊరుకుంటే ఆ రాయితోనే మరో గంట నడవాల్సి వస్తుంది.

ముందు లీడర్, వెనక స్వీప్, అంటే అందరినీ చూసుకుంటూ చివర నడిచే మనిషి. ఎవరూ లీడర్‌ను దాటరు, స్వీప్ వెనక ఎవరూ మిగలరు. ఈ ఇద్దరి మధ్య గుంపు రబ్బరు బ్యాండులా సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది, అసలు చిక్కంతా అక్కడే. ముందువాళ్లు పైకి చేరి పది నిమిషాలు కూర్చుంటారు. వెనకవాళ్లు రొప్పుతూ చేరగానే ముందువాళ్లు లేచి బ్యాగులు తగిలించుకుంటారు. విశ్రాంతి అందరికంటే అవసరమైన మనిషికే అది దొరకదు. రెండు మూడు సార్లు ఇలా జరిగితే ఆ మనిషి కుప్పకూలుతాడు. దీనికి మందు ఉంది. నెమ్మదిగా నడిచేవారిని లీడర్ వెనకే రెండో స్థానంలో నడిపించాలి, విశ్రాంతి సమయాన్ని ఆఖరి మనిషి కూర్చున్నప్పటి నుంచి లెక్కపెట్టాలి. మీరే నెమ్మదైతే సిగ్గుపడకుండా ముందుకు పిలవమని లీడర్‌ను అడగండి.

బాట చీలిన ప్రతిచోటా ఆగి, మీ వెనక మనిషి మిమ్మల్ని చూశారని తేలాకే కదలండి. ప్రతి ఒక్కరూ తన వెనక ఒక్క మనిషిని చూసుకుంటే చాలు, ఎవరూ తప్పిపోరు. మూత్రానికి పక్కకు వెళ్లాలంటే ఎవరికో ఒకరికి చెప్పి, బ్యాగును బాట పక్కన కనిపించేలా వదిలి వెళ్లండి. ఆ బ్యాగును చూసి స్వీప్ ఆగుతారు. మలవిసర్జనకైతే నీటికీ బాటకూ 60 మీటర్లకు పైగా దూరం వెళ్లి, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట తీసి పూడ్చాలి. వాడిన కాగితం మీ చెత్త కవరులోకి.

ఎక్కేటప్పుడు చిన్న అడుగులు, ఒకే లయ. ఉరికి ఆగి, ఉరికి ఆగి నడిచేవాళ్లే ముందు అలుస్తారు. వదులు రాళ్ల వాలులో ఒకరి నెత్తిన ఒకరు ఉండేలా నడవొద్దు. రాయి జారితే అది చిన్నదైనా "రాయి!" అని గట్టిగా అరవాలి. కింద ఉన్నవాళ్లు తలెత్తి చూడకుండా కొండకు ఆనుకోవాలి. మోత జంతువులు ఎదురొస్తే కొండ వైపు నిలబడండి, లోయ వైపు నిలబడితే వాటి వీపు మీది మూట తగిలి మనిషి కిందికి పోతాడు. వాగు దాటేటప్పుడు నడుము పట్టీ, రొమ్ము పట్టీ విప్పేయండి. కాలు జారితే బ్యాగును వెంటనే వదిలించుకోగలగాలి.

చేతికర్రలు ఉంటే చదునులో మోచేయి లంబకోణంలో వంగేంత పొడుగు పెట్టుకోండి. దిగేటప్పుడు 5 నుంచి 10 సెంటీమీటర్లు పెంచండి.

తేడా వచ్చినప్పుడు

పాదంలో ఒకచోట వేడిగా, మంటగా అనిపించగానే ఆపండి. అది ఇంకా పొక్కు కాదు, పొక్కుకు ముందు దశ. గుంపును ఆపడానికి మొహమాటపడి "విశ్రాంతి దగ్గర చూద్దాంలే" అనుకుంటే అప్పటికి చర్మం విడిపోయి ఉంటుంది. బూటు తీసి, పాదం పూర్తిగా తుడిచి ఆరనిచ్చి, మూలలు గుండ్రంగా కత్తిరించిన ప్లాస్టర్‌ను ముడత లేకుండా అంటించండి. మూల పదునుగా ఉంటే మేజోడు దాన్ని పట్టి లేపేస్తుంది. పొక్కు ఇప్పటికే లేచిందా, మెత్తని ప్లాస్టర్‌ను మధ్యలో కన్నమున్న దిండులా కత్తిరించి దాని చుట్టూ పెట్టండి, ఒత్తిడి పొక్కు మీద పడదు. పైచర్మాన్ని మాత్రం ఒలిచేయొద్దు.

తిరిగే వేళను కొండ కిందే నిర్ణయించుకోవాలి. ఉదాహరణకు సూర్యాస్తమయం ఆరింటికి, దిగడానికి రెండున్నర గంటలు పడుతుంది, గంట మిగులు ఉంచుకుంటే రెండున్నరకల్లా వెనక్కి తిరగాలి. శిఖరం ఇరవై నిమిషాల దూరంలో కనిపిస్తున్నా సరే. లీడర్ ఈ మాట చెప్పినప్పుడు వాదించేవాళ్లు గుంపులో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్లలో ఒకరు కాకుండా ఉండటం మీరు క్లబ్‌కు చేసే పెద్ద సాయం.

మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు లేదా అంతకంటే తక్కువ ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపు ఉన్నట్టు. కొండ వెన్ను మీద నుంచి, ఒంటరి చెట్టు కింద నుంచి తప్పుకుని కిందికి దిగండి. గుంపుగా ఒకేచోట చేరొద్దు, దూరం దూరంగా ఉండాలి. ఆఖరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి బయలుదేరండి.

ఎండలో ఎవరైనా తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది అలసట కాదు, వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరాలి, ఆ సమయంలోనే సాయానికి ఫోన్ చేయాలి. పాము కాటు వేస్తే కోయడం, పీల్చడం, గట్టిగా తాడు కట్టడం ఏదీ చేయొద్దు. ఉంగరాలు, కడియాలు తీసేసి, ఆ కాలు గానీ చెయ్యి గానీ కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి చేర్చాలి.

గుంపు నుంచి తప్పిపోయానని అనిపించిన క్షణమే ఆగిపోండి. మిమ్మల్ని వెతికేవాళ్లు ఆఖరిసారి చూసిన చోటికే వస్తారు. మీరు దారి వెతుకుతూ కదిలిన కొద్దీ వాళ్లకు దూరమవుతారు. విజిల్ ఊదండి. యూరప్‌లోని ఆల్ప్స్ పర్వతాల పద్ధతిలో నిమిషంలో ఆరు ఊదులు, ఒక నిమిషం విరామం, మళ్లీ ఆరు. కొన్ని దేశాల్లో మూడు ఊదులే ఆపద సంకేతం. మీ క్లబ్ ఏది వాడుతుందో బయలుదేరే ముందే అడిగి ఉంచుకోండి.

కిందికి చేరాక లీడర్‌కు కనిపించి, జాబితాలో పేరు కొట్టించుకున్నాకే బండెక్కండి. చెప్పకుండా వెళ్లిపోయిన ఒక్క మనిషి కోసం స్వీప్ మళ్లీ కొండ ఎక్కాల్సి వస్తుంది. ఇంటికి వెళ్లాక బూట్లలోంచి లోపలి అట్ట బయటికి తీసి, పాత కాగితాలు ఉండలు చేసి కుక్కి, నీడలో గాలి తగిలేచోట ఆరబెట్టండి. పొయ్యి దగ్గర, హీటర్ దగ్గర పెడితే జిగురు వదులవుతుంది. కాగితాలు తడిస్తే రాత్రి ఒకసారి మార్చండి.